అడ్డపొగ

నిప్పు లోపలెట్టుకుని కాల్సడం
నాకెవులూ నేర్పలేదు.
మా అమ్మ నోరు సూసినాను, మా అత్త నోరు సూసినాను.
సముద్రం గాలికి బయటున్న నిప్పు ఆరిపోతాది,
నోట్లో నిప్పు ఆరదు.
సంకలో గుంటడుంటే ఆడి ఒంటి మీద నుసి రాలదు.
నెత్తిన తట్ట, రెండు సేతులూ తట్టకే,
సుట్ట దాని పని అది సేసుకుంటాది.
భావనపాడు నుంచి నౌపడకి
మూడు సుట్టల దారి.

నలపై యేళ్లు నడిసినాను.

కూర సప్పగుందని కోడల్ని తిట్టీదాన్ని.
దమయంతి ఏటీ అనీది కాదు.
ఉప్పు డబ్బా తెచ్చి నా కంచం పక్కనెట్టీది.

మొన్న వానల్లో, తుఫాను సెల్టర్లో బల్లేసుకుని
పళ్ల డాటరమ్మ కూకుంది, నా మనవరాలీడు గుంట.
"నోరు తెరు మామ్మా" అన్నాది.
తెరిసినాను.
మరేటీ అనకుండా సేతికి అద్దమిచ్చినాది.

ఇంటి కప్పు కారితే సూస్తాం గానీ
నోటి కప్పు ఎవులు సూసుకుంటారు?
తెల్లగా, పెళ్లలు పెళ్లలుగా,
ఎండాకాలం నౌపడ ఉప్పుమడి.
మద్దెలో ఎర్రటి సుక్కలు.
కుడేపు మూల ఉలవగింజంత పుండు.
"ఎప్పుట్నుంచి మామ్మా ఇది?"
ఏది?

అప్పుడు కొత్తమ్మప్ప మతికొచ్చినాది.
దాని అంగిలికి కన్నం పడినాది.
గంజి తాగితే ముక్కులోంచి వొచ్చీసీది,
మాటా ముక్కులోంచే.
గుంటలు నవ్వీవోరు.
నానూ నవ్వినాను, ఒకపాలి.

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో ముక్క తీసినారు.
పది రోజులాగమన్నారు.
ఆ పది రోజులూ ఏటి సేస్తాం,
బెంగతో సుట్ట కాల్సుకున్నాను.
"ఇంకా కేన్సరు కాదు మామ్మా,
గానీ అటేపే ఎలతంది" అన్నాది డాటరమ్మ.

మానీడమంటే
కట్ట పొయ్యిలో పడీడం అనుకున్నాను. పడీసినాను.
ఆ పొయ్యి కాడే కూకుని
పొగంతా పీల్సీసినాను.

నమిలీ బిళ్లలిచ్చినారు.
పైన మూడు పళ్లు, కింద రెండు. దేంతో నమల్ను?
బుగ్గనెట్టుకున్నాను.
మూడోనాడు ఒళ్లంతా సీమలు పాకినట్టు.
దమయంతిని ఒక మాటన్నాను,
అది మల్లీ అన్లేను.
నిద్దర్లో సెయ్యి తలగడ కింద ఎతుకుతాది,
నాను లేసీలోపు అది అగ్గిపెట్టి దాకా ఎలిపోతాది.

తొమ్మిదోనాడు, వలలు బాగుసేసీ కాడ
ఎవుడో పారీసిన సగం సుట్ట.
కొంగు మాటున, నిప్పు లోపలెట్టి, రెండు దమ్ములు.
మనవడు సూసినాడు.
అరవలేదు, ఎవులికీ సెప్పలేదు.
ఇంటికొచ్చి, గోడ మీద నాను బొగ్గుతో గీసిన
తొమ్మిది గీతలూ తడిగుడ్డెట్టి తుడిసీసి
బొగ్గు నా సేతికిచ్చినాడు.

ఒకటి గీసినాను.

ఇప్పుడు తట్టెత్తినప్పుడు నోట్లో ఉసిరి బద్ద.
నౌపడ రెండు బద్దల దారయినాది.
సాయంత్రాలే కష్టం.
పడవలొచ్చీ యేళ, సేతులు ఖాళీ, ఒడ్డంతా పొగ వాసన.
అప్పుడు నీళ్లలోకి మోకాళ్లంటా దిగిపోయి
సల్లారీ వరకూ నిలబడతాను.
మా ఆడోళ్లు "పిచ్చెత్తినాది ముసిల్దానికి" అంటారు.
ఎత్తనీ.

గీతలు పొయ్యిగోడ దాటి తలుపు కాడికొచ్చినాయి.
నిన్న రాత్రి నెత్తళ్ల కూర.
ఒక ముద్దెట్టుకుని ఆగిపోనాను.
"ఏటే, ఇంతుప్పు! మనుషులు తింటారా ఈ కూర?"
దమయంతి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోనాది.
"పద్నాలుగేళ్ల నుంచీ
ఇంతే ఏస్తన్నాను కదత్తా" అన్నాది.
ఆళ్లంతా ఇన్నాళ్లూ
నా నాలిక్కోసం ఉప్పులో మునిగి తిన్నారు.

సోమారం మల్లీ రమ్మన్నారు.
పుండు తగ్గినాదో, పెరిగినాదో,
నాలికతో తడిమితే ఒకోనాడు ఒకోలాగుంటాది.
బస్సు డబ్బులు కొంగున ముడేసినాను.
ఈపాలి అద్దం
ఆ గుంట ఇవ్వక ముందే అడుగుతాను.